చెట్టుకు జామీను

పోయిన ఆదివారం మా రాజవ్వ అత్తమ్మను కారులో కూర్చోబెట్టుకుని కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లి, ఊరవతల ఉన్న సర్కారు తోట చూసి వచ్చాను. చూసి వచ్చాను అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. నేను పుట్టి పెరిగింది ఆ తోటలోనే. నిజాం కాలంలో మొక్కల పిచ్చి ఉన్న ఒక తాలూక్‌దారు సాహెబు ఓడల మీద, రైళ్ల మీద, ఎడ్లబండ్ల మీద దేశదేశాల మొక్కలు తెప్పించి నాటించిన తోట అది. మా బాపు అందులో పెద్ద మాలి. బావి పక్కన రెండు గదుల పెంకుటిల్లు మాది. బాపు రిటైరయ్యాక మేం బయటికి వచ్చేశాం. కొన్నాళ్లకు తోట మూతబడింది, సర్కారు తుమ్మ కమ్మేసింది, ఇక దాని పని అయిపోయిందనుకున్నాం. ఈమధ్యే మళ్లీ బాగుచేసి, గేటు పెట్టి, టికెట్ పెట్టి, చారిత్రక వృక్షోద్యానం అని పెద్ద బోర్డు రాయించి తెరిచారు. పేపర్లో వచ్చిన ఆ ముక్క చదివి వినిపించిన రోజు నుంచి అత్తమ్మ నన్ను నిలువనివ్వలేదు.

అత్తమ్మ మా బాపుకు అక్క. ఎనభై దాటి ఎన్నేళ్లయిందో ఆమెకూ లెక్క లేదు, ఆధార్ కార్డులో ఉన్న పుట్టినరోజు కార్డు తీసినవాళ్లు పెట్టింది. మోకాళ్లు మొరాయిస్తాయి గాని నోరు మాత్రం ఇరవై ఏళ్లది. దారి పొడుగునా టికెట్ మీదే సాధింపు. "నా ఇంట్లకు నేను పోనీకి టికెటేంది? అడగని, చెప్త వాని సంగతి" అంటూ కొంగు బిగించుకుని దిగింది. తీరా కిటికీలో కూర్చున్నతను ఆమెను చూసి, "అరవై దాటినోళ్లకు టికెట్ లేదవ్వా, పోండ్రి లోపటికి" అన్నాడు. తయారు చేసుకున్న తగువంతా వృథా అయినందుకు అత్తమ్మ మొహం చిన్నబోయింది. నన్ను మాత్రం అతను టికెట్ అడిగాడు. నాకూ అరవై దాటాయని చెబితే నమ్మక కార్డు చూపించమన్నాడు. రిటైరయిన టీచర్‌ను, మూడేళ్లుగా నాకెవరూ ఇంత మర్యాద చేయలేదు.

లోపల ఎర్రమట్టి బాటల మీద రంగురంగుల టైల్స్ పరిచారు. మేం పారలతో తిప్పిన నీటి కాలువలు లేవు, నల్లటి సన్నటి పైపుల్లోంచి బొట్టుబొట్టుగా నీళ్లు రాలుతున్నాయి. మా ఇల్లున్న చోట టీ కొట్టు పెట్టారు. అత్తమ్మ అక్కడ నిలబడి, నాలుగు వైపులా చూసి, అడుగులు కొలిచి, "అగో, వీని స్టవ్వు సరిగ్గ నా పొయ్యి కాడనే ఉన్నది" అంది. అక్కడే కూర్చుని టీ తాగింది, చక్కెర తక్కువైందని అతనికి చెప్పింది కూడా. నాకేమో కళ్లు చెమ్మగిల్లాయి. ఆమెకు అదేం లేదు, గ్లాసు కింద పెట్టి, "నడువు, దాన్ని చూద్దాం" అంది. దేన్ని అని నేను అడగలేదు. మా ఇంట్లో "అది" అంటే ఒకే ఒక చెట్టు.

ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దు వాసనతో మొదలయ్యేది. మా అవ్వ, మా వైపు కన్నతల్లిని అలాగే అంటాం, చీకటితో లేచి నీలగిరి ఆకులు మంటపెట్టి మా స్నానాలకు నీళ్లు కాచేది. కట్టెలు కొనే పని లేదు, తోటంతా ఎండుటాకులే. ఆ పొగ పట్టిన గౌను వేసుకుని బడికి పోతే పక్క పిల్లలు ముక్కు మూసుకుని, దీనికి రోజూ జలుబే అనేవాళ్లు. బాపు అప్పటికే మడులకు నీళ్లు కట్టి, మోకాళ్ల దాకా బురదతో వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అత్తమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు బావి దాకా వినిపించేది. రొట్టె, వెల్లుల్లికారం, ఉంటే గడ్డ పెరుగు. మా తోటలో దేశంలో దొరకని పండ్లన్నీ కాసేవి, కాని మేం తినగలిగినవి తక్కువ. బాపుది ఒకే చట్టం. కొమ్మ మీదున్నది సర్కారుది, రాలింది మనది. ఆ చట్టాన్ని ఆయన అక్షరాలా పాటించేవాడు. మా అత్తమ్మ మాత్రం దానికి చిన్న సందు కనిపెట్టింది. పండిన చెట్టు పక్కగా పోతున్నప్పుడు ఆమె భుజం ఎందుకో చెట్టుకు కొంచెం తగిలేది. రెండు పండ్లు రాలేవి. "తగిలింది తమ్మీ, చూస్కోలేదు" అనేది. బాపు మీసంలో నవ్వుకుని అటు తిరిగిపోయేవాడు.

అత్తమ్మను మహారాష్ట్ర సరిహద్దున బిచ్కుందలో ఇచ్చారు. ఐదేళ్లు చూసి పిల్లలు కాలేదని ఆరో ఏట మామ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఒక రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దిగి, నేరుగా తోటకు వచ్చి, పెట్టె దించి, అవ్వ చేతిలోని చీపురు తీసుకుని వాకిలి ఊడ్చిందట. అప్పటికి నేనింకా ఉయ్యాలలో ఉన్నాను. ఆమె అక్కడి నుంచి తెచ్చుకున్న ఆస్తి నాలుగు మరాఠీ తిట్లు, ఆశ్చర్యం వస్తే "అగబాయి" అనే అలవాటు. అవి రెండూ నాకు సంక్రమించాయి. నాకు అక్షరాలు దిద్దించింది బడి అయితే, నీళ్లు పోసి జడవేసి దయ్యాలకు భయపడొద్దని నేర్పింది ఆమె. ఊళ్లోవాళ్లు మాత్రం పేరంటాలకు ఆమెను పిలిచేవాళ్లు కాదు. గొడ్రాలు అనే మాట నేను మొదట విన్నది ఆమె వెనకే, బావి దగ్గర. అర్థం తెలియక ఇంటికొచ్చి ఆమెనే అడిగాను. "ఏం లేదు బిడ్డా, పని తక్కువున్నోళ్లు అనే మాట" అని చెప్పి నా జడ గట్టిగా లాగి బిగించింది.

ఇక ఆ చెట్టు. దానికి కట్టిన రేకు మీద ఉర్దూలో కబాబ్‌చీనీ అని ఉండేదని బాపు చెప్పేవాడు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. బిర్యానీలో వేసే ఆ మసాలా కాయ మిరియం కంటే కాస్త పెద్దగా ఉంటుంది. తాలూక్‌దారు సాహెబు సముద్రాలవతల నుంచి ఒక్కటంటే ఒక్క మొక్క తెప్పించి నాటించాడట. నున్నటి బెరడు, ముదురాకుపచ్చ ఆకు. ఆకు నలిపితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ అన్నీ కలిపి దంచినట్టు వాసన. ఏటా ఎండాకాలం తెల్లగా విరగబూసేది. కాయ మాత్రం ఒక్కటీ కాయలేదు. తోట పుట్టినప్పటి నుంచీ కాయలేదు. అందుకే మాలీలంతా దాన్ని గొడ్డుచెట్టు అనేవాళ్లు, పాత చెప్పులు, అరిగిన చీపురు తెచ్చి కొమ్మకు వేలాడదీసేవాళ్లు. సిగ్గుపడి కాస్తుందని.

కాయని చెట్టును బెదిరించడం మా వైపు పాత ఆచారం. మా తోటలో ఆ పని ఉగాది ముందు వచ్చే కొత్త అమాస నాటి పొద్దున జరిగేది. బాపు గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి, నాలుగు కూతలు కూసి, "ఈ చెట్టు కాస్తలేదు, కడుపు నింపుతలేదు, ఇయ్యాల దీన్ని కొట్టేస్త" అనేవాడు. గొడ్డలి మొద్దువైపుతో మొదలు మీద మూడుసార్లు తట్టేవాడు. అప్పుడు ఇంటి ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చి గొడ్డలి పట్టుకోవాలి. "ఆగు తమ్మీ ఆగు, కొట్టకు. వచ్చే ఏడు తప్పక కాస్తది. నేను జామీను" అనాలి. బాపు గొడ్డలి దించేవాడు, చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి అందరం బెల్లం తినేవాళ్లం. గొడ్రాలు జామీను పడితే చెట్టేం కాస్తది అని మాలీల ఆడవాళ్లు గుసగుసలు పోయేవాళ్లు. బాపు ఆ మాట పడనిచ్చేవాడు కాదు. "మా ఇంటి ఆడబిడ్డ ఆమె. ఇంకెవ్వరు పడ్తరు జామీను?" అనేవాడు. అత్తమ్మకు ఆ వేషం మహా ఇష్టం. ఏటికేడు కొత్త మాటలు కలిపేది. ఒకసారి చెట్టు తరఫున ఏడ్చింది, ఒకసారి దాని చెవిలో చెబుతున్నట్టు బెరడుకు నోరు ఆనించి, "అగబాయి, ఈసారన్న నా పరువు నిలబెట్టవే" అంది. మేమంతా పడీపడీ నవ్వాం.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. హైదరాబాదు మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ రిజిస్టరు. వచ్చిన వారానికే కొత్త అమాస. ఆయన పొద్దున్నే నడకకు వస్తాడని మాకెవరికీ తెలియదు. బాపు గొడ్డలి ఎత్తాడో లేదో ఆయన మలుపు తిరిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సర్కారు చెట్టు, మాలి చేతిలో గొడ్డలి. ఉద్యోగం పోవడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"కొడ్తలేను సారూ" అన్నాడు బాపు. "ఉత్తగనే బెదిరిస్తున్న."

"ఎవర్ని?"

"చెట్టును సారూ."

ఆయన నవ్వలేదు. ఎందుకని అడిగాడు. కాస్తలేదని బాపు చెప్పాడు. ఎన్నేళ్ల నుంచి కాయలేదని అడిగాడు. ఎన్నడూ కాయలేదని బాపు చెప్పాడు, అబద్ధం ఆడటం రాని మనిషి. సూపరింటెండెంటు రిజిస్టరు తెరిచి, "మరి బెదిరించడం దేనికయ్యా? కొట్టేయ్. నేనే ఆర్డర్ రాసిస్తా. ఈ జాగాలో నిమ్మ అంట్లు పెడదాం, నాలుగు మొక్కలు అమ్ముకోవచ్చు" అన్నాడు. బాపు చేతిలో గొడ్డలి అలాగే ఉండిపోయింది. ఏటా ఆడే ఆట నిజమై కూర్చుంది. మేం బెల్లం పళ్లెం పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డాం. అప్పుడు అత్తమ్మ ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చి గొడ్డలి పట్టుకుంది. ఈసారి మాత్రం నవ్వులేదు.

"ఆగుండ్రి సారూ. నేను జామీను పడ్డ."

"జామీనా? చెట్టుకా?"

"చెట్టుకే సారూ. వచ్చే కొత్త అమాస దాంక గడువియ్యుండ్రి."

ఆయనకు అది తమాషాగా అనిపించినట్టుంది. "జామీను అంటే పూచీ ఉండాలమ్మా. గడువు లోపల కాయకపోతే ఏం చేస్తావ్?" అన్నాడు.

అత్తమ్మ ఒక్క క్షణం చెట్టు వైపు చూసింది. "దాన్ని కొట్టేసిన్నాడు నేను సుత ఈ తోట ఇడిసి పోత" అంది.

ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. అవ్వ ఏడ్చింది. బాపు కోపంగా, "గంత మాట ఎందుకన్నవక్కా? ఏడికి పోతవు?" అన్నాడు. "ఏడికేంది, బిచ్కుందల నాకు ఇల్లు లేదా? నా సవతి రొట్టె పెట్టదా?" అని అత్తమ్మ నవ్వబోయింది. ఆ నవ్వుకు ఎవరూ కలిసిరాలేదు. నాకు అర్థమైంది ఒక్కటే. వచ్చే కొత్త అమాస లోపల ఆ చెట్టు కాయాలి, లేకపోతే అత్తమ్మ వెళ్లిపోతుంది.

ఆమె మొదట చేసిన పని నిచ్చెన వేయించి కొమ్మలకున్న చెప్పులూ చీపురూ తీయించడం. జామీను పడ్డాక ఇంకా అవమానం ఎందుకంది. తర్వాత ఎవరేం చెబితే అది చేసింది. బియ్యం కడుగు పోసింది, చేపలు కడిగిన నీళ్లు నిజాంసాగర్ చేపలమ్మే ఆమెను బతిమాలి తెచ్చి పోసింది. కల్లు గీసే గౌండ్లాయన చెబితే కల్లు మడ్డి పోసింది. ఆ వారం రోజులూ చీమలు, ఈగలు, వాసన భరించలేక బాపు అటుపోవడమే మానేశాడు. మద్నూర్ సంతకు పోయి వచ్చినవాళ్లు అక్కడి రైతులు ఇంగువ నీళ్లు పోస్తారని చెబితే అదీ పోసింది. చెట్టుతో పప్పుచారు కాచే ప్రయత్నం చేస్తున్నావా అని మా అవ్వ వేళాకోళం చేసింది. అత్తమ్మ ఏదీ పట్టించుకోలేదు. సాయంత్రం పని ముగించి ఆ చెట్టు మొదట్లో కూర్చుని, ఆ రోజు సంగతులన్నీ దానికి చెప్పేది. పక్కనే కూర్చుని నేను ఎక్కాలు బట్టీ పెట్టేదాన్ని. వాటికీ మసాలా వాసనే.

ఎండాకాలం ఆ చెట్టు ముందెన్నడూ లేనంతగా పూసింది. ఆకు కనిపించనంత పూత. తేనెటీగల రొద మా ఇంటి దాకా వినిపించేది. అత్తమ్మ ముఖం చూడాలి ఆ రోజుల్లో. మాలీల ఆడవాళ్లను పిలిచి మరీ చూపించింది. పదిహేను రోజుల తర్వాత పూతంతా రాలి, చెట్టు కింద తౌడు పోసినట్టు పరుచుకుంది. పిందె లేదు. నేను పైకెక్కి కొమ్మ కొమ్మా వెతికాను. కింద నుంచి అత్తమ్మ, "ఉన్నదా బిడ్డా?" అని అడుగుతూనే ఉంది. లేదనడానికి నాకు నోరు రాలేదు. "పైన చిటారుకొమ్మకు ఒకటున్నట్టుంది" అని అబద్ధం చెప్పాను.

ఆ ఒక్క అబద్ధాన్ని కాపాడుకోవడానికి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. మళ్లీ కొత్త అమాస దగ్గరపడుతుంటే నాకు నిద్ర పట్టలేదు. కాలువ గట్టు మీద కామంచి మొక్కలుండేవి, మిరియాలంతేసి నల్లటి కాయలు. కబాబ్‌చీనీ కాయ కూడా మిరియంలాగే కదా అనుకున్నాను. అమాసకు ముందు రోజు బడి ఎగ్గొట్టి, అవ్వ పెట్టెలోంచి ఆకుపచ్చ దారపుండ తీసి, గుత్తులు గుత్తులుగా ఆ కామంచి కాయలను కొమ్మలకు కట్టాను. కిందికి దిగి చూస్తే నిజంగా కాసినట్టే ఉంది. అత్తమ్మ మధ్యాహ్నం అటు వచ్చి తలెత్తి చూసింది. "అగబాయి!" అని ఒక్క కేక. కొమ్మ వంచి, కాయ పట్టుకుని, దారం కొస పట్టుకుని, నా వైపు చూసింది. తర్వాత నేలమీద కూలబడి నవ్వింది. కళ్లల్లో నీళ్లు కారేదాకా నవ్వింది. నన్ను దగ్గరికి తీసుకుని, "దొంగ సాక్ష్యం పెట్టి గెలిస్తే అది నా జామీను ఎట్లయితది బిడ్డా?" అంది. ఇద్దరం కూర్చుని సాయంత్రం దాకా ఆ ముడులన్నీ విప్పాం. పండినవి కొన్ని నోట్లో వేసుకున్నాం కూడా. ఆ రోజే ఆమె రేకుపెట్టె దించి దుమ్ము తుడిచింది.

అమాస నాడు సూపరింటెండెంటు గడువు ప్రకారమే వచ్చాడు. ఏడాది గడిచినా ఆయన మరిచిపోలేదు, రిజిస్టరులో రాసుకున్నాడు. అత్తమ్మ పెట్టె సర్ది అరుగు మీద పెట్టి, పొయ్యి ముందు కూర్చుని బగారన్నం దించుతోంది. పోయే ముందు తమ్ముని పిల్లకు ఇష్టమైంది వండిపెట్టాలని పొద్దున్నుంచీ అదే పని. పక్కన గుత్తివంకాయ, పచ్చిపులుసు. "ఏమమ్మా, కాసిందా?" అన్నాడాయన.

"కాయనే లేదు సారూ. మాటంటే మాటే. నా పెట్టె అగో. గంతదూరం నడిచొచ్చిన్రు, రెండు బుక్కలు తినిపోండ్రి."

వద్దనబోయి ఆగిపోయాడు. గిన్నె మూత తీసిన వాసన అటువంటిది. విస్తరాకులో వడ్డిస్తే అరుగు మీద కూర్చుని తిన్నాడు. ఒక ముద్ద తిని, "ఇందులో ఏం వేశావమ్మా? లవంగమా? దాల్చినా? జాజికాయ కూడా వేశావా?" అన్నాడు.

"అవన్ని కొననీకి మేమేమన్న జమీందార్లమా సారూ? ఒక్కటే ఆకు."

"ఏం ఆకు?"

అత్తమ్మ గరిటెతో చెట్టు వైపు చూపించింది. "కాయ లేకుంటే ఏంది సారూ, మా ఇంట్ల పండుగలన్ని దాని ఆకుతోనే ఎల్లినయి" అంది. బాపు గాబరాగా, రాలిన ఆకే సారూ, తెంపింది కాదు అన్నాడు. పచ్చటి ఆకు గిన్నెలో పైకి తేలి కనిపిస్తూనే ఉంది. "కొంచెం భుజం తగిలింది" అంది అత్తమ్మ నెమ్మదిగా. సూపరింటెండెంటును నేను నవ్వగా చూసింది అదే మొదటిసారి. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. చేయి కడుక్కుని రిజిస్టరు తీసి ఏదో రాసి సంతకం చేశాడు. బాపుకు తెలుగు రాదు గనుక చదవమని నాకిచ్చారు. చెట్టు ఆకు మిక్కిలి ఉపయోగకరము, చెట్టును ఉంచవలెను అని రాసి ఉంది. "మరి మా అక్క సారూ?" అన్నాడు బాపు. "ఆమె పోతే ఆ ఆకుతో వండేదెవరయ్యా?" అని ఆయన నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అవ్వ ఒక్క ఉదుటున లేచి రేకుపెట్టెను ఎత్తుకుపోయి లోపల పెట్టేసింది. నేను ఆ రోజు తిన్నంత అన్నం మళ్లీ ఎన్నడూ తినలేదు.

చెట్టు నిలిచింది, అత్తమ్మ నిలిచింది. నాకు కామారెడ్డిలో ఉద్యోగం వచ్చినప్పుడు నాతో వచ్చేసింది, నా పిల్లల్నీ ఆమే పెంచింది. గొడ్డుచెట్టు అన్న పేరు మాత్రం దానికి పోలేదు. ఆమెకూ పోలేదు. నా పెళ్లిలో కూడా పసుపు దంచేటప్పుడు ఆమె తనంతట తానే పక్కకు జరిగి, వంటలవైపు పోయింది. నేను చూశాను, పిలవలేదు. పిలిచి ఉండాల్సింది. అప్పుడు ఎవరూ పిలిచేవాళ్లు కాదు, ఇప్పుడు మా మనవరాళ్ల వేడుకలకు ఆమె లేకుండా పని మొదలుకాదు. కాలం అన్నీ పాడుచేసిందని మా ఈడువాళ్లు మొత్తుకుంటారు గాని, ఈ ఒక్క సంగతిలో నేను ఒప్పుకోను.

టీ కొట్టు నుంచి మెల్లగా నడిచి ఆ చెట్టు దగ్గరికి పోయాం. ఎంత ఎత్తయిందని! మొదలు చుట్టూ అరుగు కట్టారు, పక్కన కొత్త బోర్డు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని బెరడు మీద చెయ్యి వేసింది. అక్కడి తోటల ఆఫీసరు శ్రావణి అనే ఆమె సందర్శకులకు చెట్ల గురించి చెబుతూ మా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, ఊరు బిచ్కుంద అవతలి మద్నూర్ అట. అత్తమ్మ "అగబాయి, ఎంత పెద్దగయిందే" అనడం విని, నవ్వుతూ మరాఠీలో ఏదో పలకరించింది. అత్తమ్మ కూడా గబగబా ఏదో అంది. తిట్టు కాదు కదా అని నాకు కొంచెం భయం వేసింది.

"ఈ చెట్టును మీరు ఎరుగుదురా అవ్వా?"

"ఎరుగుడేంది బిడ్డా, దీనికి జామీను పడ్డదాన్ని" అని అత్తమ్మ మొత్తం కథ చెప్పింది. చెప్పులు, చీపురు, గొడ్డలి, కల్లు మడ్డి, ఏదీ వదల్లేదు. శ్రావణి నోరు తెరుచుకుని వింది. చివర్లో అత్తమ్మ, "ఇప్పుడన్న కాస్తదా ఇది?" అని అడిగింది.

"ఎప్పటికీ కాయదవ్వా" అంది శ్రావణి. "ఇది మగచెట్టు. ఈ జాతిల మగది వేరే, ఆడది వేరే ఉంటయి. మగది పూత పూస్తది గాని కాయ కాయది. ఆ రోజుల్ల ఒక్కటే మొక్క వచ్చిందట గదా, అది మగదొచ్చింది. దాని తప్పేం లేదు."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఎన్ని తరాల మాలీలు, ఎన్ని చెప్పులు, ఎన్ని గొడ్డళ్లు! ఒక మగచెట్టును గొడ్రాలని తిట్టి, కడుపు పండలేదని బెదిరించాం. తాడిచెట్టులో మగది పోతుతాడు, ఆడది పెంటితాడు ఉంటాయని మా ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. దేశం కాని దేశం నుంచి వచ్చిన చెట్టుకు కూడా అలా ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. కాయలేదంటే చాలు, అది ఆడదే అనుకున్నాం.

అత్తమ్మ నవ్వలేదు. బెరడు మీద చెయ్యి అలాగే ఉంది. నా వైపు తిరిగి అంది: "మీ మామకు నేనున్నప్పుడు పిల్లలు కాలే. నా తర్వాత ఒకదాన్ని చేసుకున్నడు, దానికి కాలే. మల్లొకదాన్ని చేసుకున్నడు, దానికీ కాలే. ముగ్గురం గొడ్రాండ్లమే అయినం. ఆ మనిషి ముంగట ఒక్కడన్న గొడ్డలి పట్టుకొని నిలబడ్డడా బిడ్డా?"

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ మూడో పెళ్లి సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. శ్రావణి తల దించుకుంది.

"ఉన్నడు గద ఇంకా?" అంది అత్తమ్మ.

"ఉన్నాడట అత్తమ్మా. తొంభై దగ్గర పడ్డాయట."

ఆమె నా భుజం ఆసరాగా లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది. అప్పుడు నవ్వింది, బావి దాకా వినిపించేలా.

"అయితే వచ్చే కొత్త అమాసకు బిచ్కుంద తీస్కపో. గొడ్డలి నేను పట్టుకుంట. జామీనుకు ఎవరొస్తరో చూద్దాం."